కనుమ దాటిన త్రిభుజాలు, కడపలో ఆగిన వ్యాసం

(ధారావాహిక: దక్షిణాదిలో లెక్కల చరిత్ర)

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే రోడ్డు బంగారుపాళ్యం దాటాక మొగిలి దగ్గర కొండెక్కుతుంది. చిత్తూరు దగ్గర సముద్రమట్టానికి సుమారు మూడొందల మీటర్ల ఎత్తున ఉన్న నేల, కనుమ ఎక్కి పలమనేరు చేరేసరికి అంతకు రెట్టింపు దాటిపోతుంది. ఈ కనుమ విలువ దండు నడిపేవాళ్లకు బాగా తెలుసు. 1791 ఫిబ్రవరిలో బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఆంబూరు వైపు కదులుతున్నట్టు టిప్పు సుల్తాన్‌ను నమ్మించి, చటుక్కున ఉత్తరానికి మళ్లి ఈ మొగిలి కనుమ మీదుగానే మైసూరు పీఠభూమి ఎక్కాడు. మార్చి 21న బెంగళూరు కోట పడిపోయింది.

పదకొండేళ్ల తరవాత మద్రాసు నుంచి పడమటికి ఇంకో దండు బయల్దేరింది. దాని దగ్గర ఫిరంగులు లేవు. ఒక ఉక్కు గొలుసు, కోణాలు కొలిచే, అర టన్ను బరువున్న ఒక థియోడలైట్, లెక్కల పుస్తకాలు, వాటిని మోసే మనుషులు ఉన్నారు. దాని నాయకుడు 33వ పటాలానికి చెందిన విలియం లాంబ్టన్.

ఆ పరికరాల కథ వింటే వదిలిపెట్టబుద్ధి కాదు. వంద అడుగుల గొలుసు మొదట చైనా చక్రవర్తికి కానుకగా వెళ్లింది, ఆయన అక్కర్లేదంటే అక్కడి నుంచి ఇండియా చేరింది. థియోడలైట్‌ను లండన్‌లో కేరీ అనే పరికరాల తయారీదారు చేశాడు. అది ఓడలో వస్తుండగా ఫ్రెంచివాళ్లు పట్టుకొని మారిషస్ తీసుకుపోయారు. అదేమిటో తెలిశాక అక్కడి గవర్నరు మర్యాదగా మద్రాసు పంపించాడు. 1802 ఏప్రిల్ 10న లాంబ్టన్ మద్రాసు దగ్గర పరంగికొండ పక్కన ఏడున్నర మైళ్ల ఆధార రేఖను ఆ గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత బెంగళూరు దాకా గొలుసుకు పనిలేదు. ఒక భుజం పొడవు తెలిసి, కొండకొమ్ముల మీద కోణాలు తెలిస్తే, మిగిలిన భుజాలన్నీ సైన్ పట్టికలు చెబుతాయి. త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ ఆ వరుస సుమారుగా 13వ అక్షాంశాన్ని పట్టుకొని మద్రాసు నుంచి బెంగళూరుకు, అక్కడి నుంచి పడమటి తీరానికి సాగింది. బంగారుపాళ్యం ఉన్నది 13.2 డిగ్రీల అక్షాంశం మీద. అంటే ఈ కొండల బారునే.

కొండలే ఎందుకు? భూమి గుండ్రంగా ఉంది కాబట్టి. ఒకచోట నిలబడి యాభై కిలోమీటర్ల దూరం చూడబోతే, నేల మన చూపు గీతకు 196 మీటర్లు దిగువకు వంగిపోయి ఉంటుంది. గాలిలో వెలుగు వంగడం వల్ల ఈ అంకె కొంత తగ్గుతుంది, అయినా ఏ గోపురమెక్కినా చాలదు. ఈ 196 ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఆ దూరం భూకేంద్రం దగ్గర చేసే కోణాన్ని రేడియన్లలో 'క' అనుకుందాం. కొసైన్ విలువకు బదులు 1 − క²/2 అనే చిన్న బహుపదిని వాడితే, నేల వంపు అంటే దూరం వర్గాన్ని భూవ్యాసంతో భాగించడమే. కొసైన్ వక్రం నెత్తి మీద ఒక పరావలయాన్ని బోర్లించామన్నమాట. శిఖరం దగ్గర ఆ రెండు గీతల్నీ వేరుచేసి చూడటం కంటికి సాధ్యం కాదు.

ఇక అసలు చిక్కు. థియోడలైట్ కొలిచేది గోళం మీది త్రిభుజాన్ని. గోళం మీద మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలకు మించుతుంది. భుజం యాభై కిలోమీటర్లుండే సమబాహు త్రిభుజానికి ఆ మిగులు ఐదున్నర సెకన్లు. సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. లాంబ్టన్ పట్టికల్లో చూసిన కోణం పక్కన ఈ గోళాతిశయానికి ఒక వరుస, లెక్కకు పట్టిన కోణానికి ఇంకో వరుస కనిపిస్తాయి. అతను వంకర భుజాల త్రిభుజాన్ని తిన్నని భుజాల త్రిభుజంగా, అంటే చాపాలను జ్యాలుగా మార్చుకొని లెక్కకట్టాడు.

చాపానికీ జ్యాకీ తేడా ఎంత? ఇక్కడే సైన్, దాని బహుపది పక్కపక్కన వచ్చి నిలబడతాయి. సైన్ కు మొదటి దగ్గరి విలువ 'క'. రెండోది క − క³/6. రెండోదాన్ని భూమికి వర్తింపజేస్తే ('క' ఇప్పుడు ఆ కోణంలో సగం), జ్యా పొడవు చాపం కంటే తగ్గేది చాపం ఘనాన్ని భూవ్యాసార్ధం వర్గానికి 24 రెట్లతో భాగించినంత. యాభై కిలోమీటర్ల చాపానికి ఇది 13 సెంటీమీటర్లు. అలాంటి ఆరు భుజాలు కలిస్తే మద్రాసు నుంచి బెంగళూరు. కాబట్టి తేడా ముప్పావు మీటరు దాటుతుంది. ఆ తరవాతి పదాన్ని, అంటే క⁵/120ని కూడా కలిపితే ఒక్కో భుజానికి మారేది మిల్లీమీటరులో పదివేలవ వంతు. ఏ గొలుసూ దాన్ని పట్టలేదు. రెండు పదాల దగ్గర ఆగడం సర్వేయరు బద్ధకం వల్ల కాదు. మూడో పదం ఎంత చిన్నదో తెలిసినవాడే అక్కడ ధైర్యంగా ఆగగలడు.

ఫలితం 1804లో తేలింది. బెంగళూరు దగ్గర ఇంకో ఆధార రేఖను నేల మీద గొలుసుతో కొలిచి, మద్రాసు నుంచి త్రిభుజాల మీదుగా కట్టుకొచ్చిన లెక్కతో పోల్చారు. ఏడు మైళ్లకు పైబడిన రేఖలో తేడా నాలుగు అంగుళాల లోపే. అవి ఈ సీమలో నెమ్మదైన రోజులు కావు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ పాలయ్యాక, బంగారుపాళ్యంతో సహా చిత్తూరు పాళ్యాలన్నీ కొత్త పన్నుల లెక్కల కిందికి వచ్చాయి. 1804–05లో పాలెగాళ్లు తిరగబడ్డారు. కొండ మీద జెండా పాతి దుర్భిణి పెట్టేవాడు నేలను కొలిచేది కాజేయడానికే అని చుట్టుపక్కల జనం అనుమానపడితే, ఆ అనుమానం తప్పు కాదు. సర్వే ఖర్చు పెట్టింది కంపెనీ, పటం అందుకున్నదీ కంపెనీయే.

ఈ 'క − క³/6' అనేది నిజంగా ఎంత దూరం నమ్మదగిందో తెలియాలంటే గ్రాఫ్ గీయాలి. ఇంటర్ పిల్లల గ్రాఫ్ కాగితం నాలుగు అతికించుకుంటే చాలు. ఒక రేడియన్ పది సెంటీమీటర్లు, నిలువుగా ఒకటి పది సెంటీమీటర్లు అని కొలమానం పెట్టుకోవాలి. సున్నా నుంచి 180 డిగ్రీల దాకా సైన్ వక్రం అడ్డంగా 31 సెంటీమీటర్లకు పైగా సాగి, మధ్యలో సరిగ్గా పది సెంటీమీటర్లు లేచి దిగుతుంది. దాని మీదే 'క' అనే సరళరేఖ గీస్తే, అది మొదట్లో వక్రాన్ని ఒరుసుకొని పోయి, త్వరలోనే పైకి విడిపోతుంది. ఘనబహుపది అలా కాదు. ముప్పై డిగ్రీల దగ్గర దానికీ సైన్ కూ తేడా మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు, పెన్సిలు గీత మందంలో కలిసిపోతుంది. ఒక రేడియన్ దగ్గర, అంటే 57 డిగ్రీలు దాటాక కూడా తేడా ఒక మిల్లీమీటరుకు లోపే. 81 డిగ్రీల దగ్గర అది శిఖరమెక్కేస్తుంది, సైన్ ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. 90 దగ్గర పది సెంటీమీటర్లు ఉండాల్సిన చోట తొమ్మిదింబావుకు పడిపోతుంది. 140 డిగ్రీల దగ్గర అక్షాన్ని తెంచుకొని, 180కి చేరేసరికి ఇరవై సెంటీమీటర్ల లోతుకు కూలుతుంది.

ఐదో ఘాతం కలిపితే 90 డిగ్రీల దగ్గర అరమిల్లీమీటరు కూడా తేడా ఉండదు. కానీ 180 దగ్గర సున్నాకు రావలసింది ఐదు సెంటీమీటర్ల ఎత్తున తేలిపోతుంది. ఏడో ఘాతంతో ముప్పావు సెంటీమీటరు కిందికి, తొమ్మిదో ఘాతంతో మిల్లీమీటరు కన్నా తక్కువ పైకి. ఒకసారి పైన, ఒకసారి కింద, ప్రతిసారీ ఇంకాస్త దూరం వక్రాన్ని వదలకుండా. పట్టికలో అంకెలు చదివితే ఈ సంగతి బుర్రకెక్కుతుందేమో గానీ, గీసి చూసినప్పుడు కలిగే నమ్మకం వేరు. పాఠ్యపుస్తకాలు శ్రేణిని రాసి, నిరూపించి, గ్రాఫ్ గీయించకుండా ముందుకు పోవడం పిల్లలకు చేస్తున్న అన్యాయం.

ఇదే కాగితం మీద లాంబ్టన్ త్రిభుజాలు ఎక్కడుంటాయి? యాభై కిలోమీటర్ల భుజానికి 'క' విలువ 0.0039. అంటే మూలబిందువు నుంచి అర మిల్లీమీటరు కూడా కాదు. మద్రాసు నుంచి కొండల మీదుగా త్రిభుజాలు పేర్చుకొచ్చిన సర్వే అంతా ఆ చుక్కలోనే ఇమిడిపోతుంది. అక్కడ సరళరేఖ కూడా సైన్ నుంచి విడివడి కనబడదు. కంటికి ఆనని ఆ ఎడమే నేల మీదికొచ్చేసరికి భుజానికి 13 సెంటీమీటర్లు.

ఈ వక్రాన్ని సులువైన లెక్కతో పట్టుకోవాలన్న ఆలోచన లాంబ్టన్ కన్నా చాలా పాతది. ఆర్యభటుడు 499లో ఇచ్చిన 24 జ్యాల (ఇక్కడ జ్యా అంటే పూర్తి జ్యాలో సగం, అంటే సైన్) పట్టిక 225తో మొదలై 3438తో ముగుస్తుంది. పట్టికే అక్కర్లేని సూత్రం మొదటి భాస్కరుడిది. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాసిన ఈయన అశ్మక సంప్రదాయానికి చెందినవాడని పండితులు చెబుతారు. అశ్మకం అంటే నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతమన్న అభిప్రాయమూ ఉంది. కోణాన్ని డిగ్రీల్లో తీసుకొని, 180లో దాని మిగులుతో గుణించాలి. ఆ లబ్ధాన్ని నాలుగు రెట్లు చేసి, 40,500లోంచి అదే లబ్ధాన్ని తీసివేయగా వచ్చినదానితో భాగించాలి. ముప్పై డిగ్రీలకు సరిగ్గా అర, తొంభైకి సరిగ్గా ఒకటి వస్తాయి. నలభై ఐదు దగ్గర తప్పు వెయ్యిలో ఒకటికి కొంచెం ఎక్కువ. పైన చెప్పిన కాగితం మీద ఇది గీస్తే 180 డిగ్రీల పొడవునా వక్రాన్ని దాదాపు కప్పేస్తుంది. ఘనబహుపదికి ఆ శక్తి లేదు. కానీ భాస్కరుడి సూత్రానికి ఇంకో పదం కలిపి మెరుగుపరిచే దారి లేదు, అది అక్కడితో పూర్తయిన వస్తువు.

దారి తెరిచినవాడు కేరళలో సంగమగ్రామ మాధవుడు, పద్నాలుగో శతాబ్దం చివర, పదిహేనో శతాబ్దం మొదట. ఆయన పేరుతో నిలిచిన శ్లోకంలో ఐదు అంకెలను కటపయాది పద్ధతిలో మాటలుగా పొదిగారు. మన సంగీతం నేర్చుకునేవాళ్లకు ఆ పద్ధతి బాగా ఎరుకే: మాయామాళవగౌళలో 'మా' ఐదు, 'యా' ఒకటి, తిరగేస్తే పదిహేనో మేళకర్త. మాధవుడి అంకెలు రాగాల వరుసను కాదు, పావు వలయాన్ని కొలుస్తాయి.

ఆ లెక్కను ఒకసారి చేసి చూడటం దాన్ని పొగడటం కంటే మేలు. కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, వికళ అంటే కళలో అరవయ్యో వంతు, తత్పర అంటే వికళలో అరవయ్యో వంతు. తొంభై డిగ్రీలంటే 5,400 కళలు. దానిలోంచి మొదటి అంకె 2,220 కళల 39 వికళల 40 తత్పరలు తీసేస్తే 3,179 కళల 20 వికళల 20 తత్పరలు. రెండో అంకె 273 కళల 57 వికళల 47 తత్పరలు కలిపితే 3,453–18–07. మూడోది 16–05–41 తీసేస్తే 3,437–12–26. నాలుగోది 33 వికళల 6 తత్పరలు కలిపితే 3,437–45–32. ఐదోది 44 తత్పరలు తీసేస్తే 3,437 కళల 44 వికళల 48 తత్పరలు. 21,600 కళల చుట్టుకొలత గల వలయానికి వ్యాసార్ధం సరిగ్గా అంతే. తొంభై డిగ్రీల జ్యా వ్యాసార్ధానికి సమానం కావాలి, అయింది, చివరి తత్పర దాకా.

ఆ ఐదు అంకెలు మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండో ఘాతాల గుణకాలే. తొంభైకి తక్కువైన కోణానికి, ఆ కోణాన్ని 5,400 కళలతో భాగించి, వచ్చిన నిష్పత్తి వర్గంతో లోపలి నుంచి బయటికి గుణిస్తూ తీసేస్తూ రావాలని నియమం. ముప్పై డిగ్రీలకు నిష్పత్తి మూడో వంతు. లెక్క 1,718.87 కళల దగ్గర తేలుతుంది, వ్యాసార్ధంలో సగం. ఐరోపాలో ఈ శ్రేణిని న్యూటన్ 1669 నాటికి రాశాడు. టేలర్ పుస్తకం 1715లోగానీ రాలేదు. 1500 ప్రాంతంలో నీలకంఠ సోమయాజి తంత్రసంగ్రహం, 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడి యుక్తిభాష వచ్చాయి. ఈ రెండో పుస్తకం మలయాళంలో, వచనంలో, సూత్రాలకు నిరూపణలతో సహా ఉంది.

ఇక్కడ మళ్లీ మన కొండల దగ్గరికి రావాలి, జాన్ వారెన్ కోసం. ఫ్రెంచి కులీన కుటుంబంలో పుట్టి, బ్రిటిష్ 33వ పటాలంలో చేరిన ఈ మనిషి మైసూరు సర్వేలో పనిచేశాడు. 1802లో మైసూరు తూర్పు సరిహద్దులో, ఎర్రకొండ దగ్గర ఉన్నప్పుడు ఆ నేలలో బంగారం దొరుకుతుందన్న మాట విన్నాడు. దొరికే చోటు చూపిస్తే బహుమతి ఇస్తానంటే ఊరివాళ్లు బండ్లతో మట్టి తెచ్చి అతని ఎదుటే కడిగారు. కోలారు గనుల చరిత్ర రాసేవాళ్లు అతన్ని తలచుకోకుండా మొదలుపెట్టరు. ఆ వెంటనే లాంబ్టన్ కు సహాయకుడై బెంగళూరు ఆధార రేఖ పనిలో ఉన్నాడు. 1805 నుంచి కొన్నేళ్లు మద్రాసు నక్షత్రశాల బాధ్యత చూశాడు. చాపం, జ్యా, వాటి మధ్య ఘనపదం అతనికి రోజువారీ పని.

అదే వారెన్ తరవాత పుదుచ్చేరిలో స్థిరపడి, 1825లో 'కాలసంకలిత' అనే పెద్ద పుస్తకం అచ్చువేశాడు. దక్షిణాది ప్రజలు కాలాన్ని ఎలా లెక్కపెడతారన్నది దాని విషయం. ఒక తమిళ పంచాంగకర్త నేల మీద గవ్వలు పేర్చి, పట్టికలన్నీ కంఠతా చెబుతూ ఆ ఏటి చంద్రగ్రహణాన్ని లెక్కకట్టడం అతను దగ్గరుండి చూశాడు. గ్రహణం పట్టే వేళ నాలుగు నిమిషాల తేడాతో వచ్చింది. ఆ మనిషి నైపుణ్యాన్ని వారెన్ శ్రద్ధగా రాసుకున్నాడు. అదే పుస్తకంలో అనంత శ్రేణుల ప్రస్తావన కూడా ఉంది.

ఆ ప్రస్తావన వెనక కథానాయకుడు చార్లెస్ విష్. మలబారులో కంపెనీ ఉద్యోగి. కేరళ పండితుల దగ్గర తాటాకు ప్రతులు సంపాదించి, ఈ శ్రేణులు ఇక్కడివేనని గుర్తించి, సెంట్ జార్జి కోట కాలేజీకి తెలియజేశాడు. కంపెనీ దొరలకు తెలుగు, తమిళం నేర్పడానికి 1812లో పెట్టిన కాలేజీ అది. జార్జ్ హైన్ అనే మరో దొర దీన్ని కొట్టిపారేశాడు: స్థానికులు ఈ శ్రేణులను ఐరోపావాళ్ల నుంచి ఈమధ్య నేర్చుకున్నారు, వాటిని నిరూపించగలవాళ్లు లేరు. వారెన్ ఆ అభిప్రాయానికి తన పుస్తకంలో చోటిచ్చాడు.

ఇది అతని చరిత్రలో విచారించదగిన ఘట్టం. శ్రేణి తెలిసినవాడికి, దాన్ని పరికరంలా వాడినవాడికి, నిరూపణ ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఒకే మార్గం ఉంది: ఆ ప్రతిని చదివించుకోవడం. పుదుచ్చేరికీ మలబారుకూ మధ్య దూరం అతను కొలిచిన దూరాలకన్నా పెద్దది కాదు. ప్రతి కోణాన్నీ తన కళ్లతో చూసి గానీ పుస్తకంలో ఎక్కించని సర్వేయరు, ఈ ఒక్క విషయంలో ఇంకొకరి మాట పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో గాలి కూడా అలాంటిదే. 1792లో కట్టిన మద్రాసు నక్షత్రశాల రాతి స్తంభం మీద, గణితశాస్త్రాన్ని ఆసియాలో మొదట నాటింది బ్రిటిష్ ఔదార్యమేనని వెయ్యేళ్ల తరవాతివాళ్లకు తెలియాలంటూ చెక్కించారు. ఆ స్తంభం మీది భాషల్లో తెలుగు కూడా ఉంది. చెన్నై నుంగంబాక్కంలో ఇప్పటికీ చూడవచ్చు.

వారెన్ 1830లో పుదుచ్చేరిలో చనిపోయాడు. విష్ మాత్రం పట్టు వదల్లేదు. తంత్రసంగ్రహం, యుక్తిభాష, కరణపద్ధతి, సద్రత్నమాల అనే నాలుగు గ్రంథాల ఆధారంతో వ్యాసం రాశాడు. దాన్ని 1832 డిసెంబరులో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ ముందు చదివారు, అది 1834లో అచ్చయింది. అందులో ఎక్కువ భాగం వలయం చుట్టుకొలత శ్రేణి గురించే. సైన్, కొసైన్ శ్రేణుల నిరూపణలతో యుక్తిభాష మీద వేరే వ్యాసం రాస్తానని మాటిచ్చాడు. అప్పటికి అతనికి కడప బదిలీ అయింది, అక్కడ న్యాయాధికారి. 1833లో, నలభై ఏళ్లు నిండకుండానే, కడపలో కన్నుమూశాడు. రెండో వ్యాసం రాలేదు. అతని ప్రతులు లండన్ చేరాయి.

యుక్తిభాషలోని ఆ భాగాలను గణితజ్ఞులు మళ్లీ వివరంగా తెరిచి చూపడానికి వందేళ్లకు పైనే పట్టింది. 1944లో ముకుంద మారార్, రాజగోపాల్ వలయపు శ్రేణి మీద వ్యాసం ప్రచురించారు. 1948లో రామవర్మ మారు తంపురాన్, అఖిలేశ్వర అయ్యర్ యుక్తిభాష గణిత భాగాన్ని మలయాళ వివరణతో అచ్చువేశారు. సైన్ శ్రేణిలో ప్రతి పదం ఎలా పుడుతుందో, ఒక చాపాన్ని సన్నని ముక్కలుగా కోసి, జ్యాల తేడాల తేడాలను కూడుకుంటూ జ్యేష్ఠదేవుడు అందులో మెట్టు మెట్టుగా చెప్పి ఉన్నాడు. విష్ రాస్తానన్నది ఇదే.

(వచ్చే భాగం: 1811లో లాంబ్టన్ గుత్తి దగ్గర కొలిచిన ఆధార రేఖ)